అప్పులు ఇంతగా ఉండగా రక్షణ ఖర్చును జీడీపీలో 3 శాతానికి పెంచాలనడం సబబేనా?

పద్దుల_పరిశీలకుడు

ఆపరేషన్ సిందూర్ తరవాత ఎక్కడ చూసినా ఒకటే మాట వినిపిస్తోంది: రక్షణ బడ్జెట్‌ను జీడీపీలో 3 శాతానికి తీసుకుపోవాలట. పార్లమెంటు స్థాయీ సంఘం లోగడ చెప్పిన మాటే కాబట్టి ఇందులో కొత్తదనమేమీ లేదు. దేశ రక్షణ అవసరాన్ని నేను తక్కువ చేయడం లేదు గానీ, ఆ డబ్బు ఎక్కడి నుంచి రావాలో ఎవరూ చెప్పకపోవడమే నా ఫిర్యాదు.

2025-26 బడ్జెట్‌లో కేంద్రం మొత్తం ఖర్చు 50.65 లక్షల కోట్ల రూపాయలు. అందులో రక్షణ శాఖకు 6.81 లక్షల కోట్లు దక్కితే, పాత అప్పుల మీద వడ్డీ కట్టడానికే 12.76 లక్షల కోట్లు పోతున్నాయి. అంటే ఖర్చు పెట్టే ప్రతి రూపాయిలో పావలా వడ్డీకి, పదమూడున్నర పైసలు సైన్యానికి. కేంద్రం అప్పు జీడీపీలో 56.1 శాతం ఉంటుందని బడ్జెట్టే అంచనా వేసింది; రాష్ట్రాల అప్పులు కూడా కలిపితే అది 80 శాతం దాటుతుంది. 2031 మార్చి నాటికి తన అప్పును 50 శాతం దరిదాపులకు దించుతానని కేంద్రం తానే మాట ఇచ్చింది.

ఆ బడ్జెట్‌లో రక్షణకు పెట్టినది జీడీపీలో సుమారు 1.9 శాతం. దాన్ని 3 శాతం చేయాలంటే ఆ ఏటి లెక్కల ప్రకారం అదనంగా దాదాపు 3.9 లక్షల కోట్లు కావాలి. ఉపాధి హామీకి ఇచ్చిన 86,000 కోట్లు, పీఎం కిసాన్‌కు ఇచ్చిన 63,500 కోట్లు మొత్తానికి మొత్తం ఎత్తివేసినా అందులో సగం కూడా సమకూరదు. పన్ను వేస్తారా, వేరే ఖర్చు కోస్తారా, అప్పు తెస్తారా? ఈ మూడింటిలో ఏదో ఒకటి ఎంచుకుని వాదించండి. ‘రెండూ చేయవచ్చు’ అనే జవాబు మాత్రం వద్దు.

విశాఖ_రేవు

అప్పు తెస్తారు. నాకు అందులో తప్పు కనబడడం లేదు. 2025 సెప్టెంబరు 26న మిగ్-21 విమానాలకు వీడ్కోలు చెప్పాక వైమానిక దళంలో మిగిలినవి 29 స్క్వాడ్రన్లు (యుద్ధవిమానాల దళాలు). మంజూరైన సంఖ్య 42. చైనా 2025కు అధికారికంగా ప్రకటించిన రక్షణ బడ్జెట్టే 1.78 లక్షల కోట్ల యువాన్లు, అంటే నిరుటి కంటే 7.2 శాతం ఎక్కువ. మన అప్పుల పట్టిక చక్కబడేదాకా పొరుగువాడు ఆగుతాడా? కార్గిల్ సమయంలో మన దగ్గర ఉన్నదానితోనే పోరాడతామని అప్పటి సైన్యాధిపతి జనరల్ వి.పి. మాలిక్ బహిరంగంగా అనవలసి వచ్చిన రోజులను మరిచిపోకూడదు.

వంకాయ_వాదన

ఇంటి మీద అప్పు ఉంది కదా అని వీధి తలుపుకు గడియ పెట్టడం మానేస్తామా? నా వాదన ముగిసింది, ఇక పోపు మీరు పెట్టుకోండి.

లెక్కల_పంతులు

వంకాయ గారూ, గడియ కొనడానికి మళ్లీ అప్పు చేయాలా, నెల జీతంలోంచి కొనాలా అన్నది కదా ప్రశ్న. పైగా ప్రభుత్వానికి సంసారంతో పోలిక ఎంతో దూరం నడవదు, ఎందుకంటే ప్రభుత్వం ఏనాడూ అప్పు మొత్తం తీర్చి చేతులు దులుపుకోదు. దానికి కావలసిందల్లా ఆదాయంతో పోలిస్తే అప్పు పెరగకుండా చూసుకోవడం. కాబట్టి లెక్క అక్కడి నుంచే మొదలుపెడదాం.

కేంద్రం చెల్లించే వడ్డీని నిలువ ఉన్న అప్పుతో భాగిస్తే సగటు వడ్డీ రేటు దాదాపు 7 శాతం తేలుతుంది. ధరల పెరుగుదలతో కలిపి 2025-26లో జీడీపీ 10 శాతం పెరుగుతుందని బడ్జెట్ అంచనా. వడ్డీ కంటే జీడీపీ వేగంగా పెరుగుతున్నంత కాలం, ఏమీ చేయకుండానే, అప్పు నిష్పత్తి ఏటా ఒకటిన్నర శాతం దాకా కరుగుతుంది. వడ్డీలు మినహాయించి చూసే లోటును ప్రాథమిక లోటు అంటారు. అది 2025-26లో జీడీపీలో 0.8 శాతం. ఒకటిన్నరలోంచి 0.8 తీసేస్తే 0.7 మిగులుతుంది. మన అప్పు నిష్పత్తి తగ్గుతోందంటే ఆ వేగం ఇంతే.

ఇప్పుడు రక్షణకు 1.1 శాతం అదనంగా, అదీ పూర్తిగా అప్పు తెచ్చి, ఖర్చు పెట్టండి. తగ్గవలసిన నిష్పత్తి ఏటా 0.4 శాతం పెరగడం మొదలుపెడుతుంది. ధరలు చల్లబడి జీడీపీ వృద్ధి 8 శాతానికి దిగితే పరిస్థితి ఇంకా బిగుస్తుంది. పెంపు మంచిదా చెడ్డదా అని నేను చెప్పడం లేదు, దిశ మారుతుందని మాత్రమే చెబుతున్నాను.

విశాఖ_రేవు

ఒక్క ఏడాదిలో 1.1 శాతం పెంచమని ఎవరన్నారు? పదేళ్ల మీద ఏటా 0.1 శాతం చొప్పున పెంచితే మీ 0.7 అలాగే ఉంటుంది కదా. పైగా దేశాల అప్పు తీర్చే సత్తాకు మార్కులు వేసే ఎస్ అండ్ పీ సంస్థ 2025 ఆగస్టులో మన రేటింగును బీబీబీకి పెంచింది. అప్పిచ్చేవాళ్లకు లేని బెంగ మనకెందుకు?

లెక్కల_పంతులు

మొదటి ఏడాది దాదాపు అలాగే ఉంటుంది. పదో ఏడాదికి అది మొత్తం 1 శాతం అవుతుంది, అప్పటికి ఇతర ఆదాయం ఏదీ పెరగకపోతే మళ్లీ ఇంచుమించు నేను చెప్పిన చోటికే వస్తాం. ఆ రేటింగు పెంచినవారు ఇచ్చిన కారణాలలో ద్రవ్యలోటును అదుపులో పెడుతూ రావడం ఒకటి. లోటు అదుపు చేసినందుకు వచ్చిన మెప్పును చూపించి లోటు పెంచుకుందామనడం తమాషాగా ఉంది.

వంకాయ_వాదన

‘అసలు కంటే వడ్డీ ముద్దు’ అన్నవారు ఈ 12.76 లక్షల కోట్లు చూసి ఉండరు.

మాధవరం_ఫౌజీ

లెక్కలు చూశాను. రక్షణ బడ్జెట్ అనగానే అందరి కళ్లముందు విమానాలు, క్షిపణులు కదులుతాయి. 6.81 లక్షల కోట్లలో కొత్త ఆయుధాలకు, నిర్మాణాలకు కలిపి ఇచ్చినది 1.80 లక్షల కోట్లే. 1.61 లక్షల కోట్లు పింఛన్లకు పోతున్నాయి. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం జీతాలు, ఇంధనం, మందుగుండు, మరమ్మతులు, రేషను. తరవాత వచ్చేవారు ‘పింఛన్లు కోయండి’ అంటారని తెలుసు కనుక ముందే రాస్తున్నాను.

మా పశ్చిమ గోదావరి మాధవరాన్ని జనం మిలటరీ మాధవరం అంటారు. మొదటి ప్రపంచ యుద్ధం నుంచీ మా ఊరివాళ్లు సైన్యంలో ఉన్నారు. నేను సైన్యం సమాచార విభాగమైన సిగ్నల్స్‌లో హవల్దారుగా పనిచేసి బయటకు వచ్చేసరికి నాకింకా నలభై నిండలేదు. సైన్యానికి కుర్రవాళ్లు కావాలి కాబట్టి మమ్మల్ని ముందే పంపిస్తుంది, పిల్లల చదువులు మధ్యలో ఉన్న వయసులో. ఆ వయసులో బ్యాంకు గేటు దగ్గర సెక్యూరిటీ గార్డుగా నిలబడే మాజీ సైనికులను మీరందరూ చూసే ఉంటారు. ఆ పింఛను దయాధర్మం కాదు, ఆలస్యంగా చేతికొచ్చే జీతం.

ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. రక్షణ పింఛన్ల పద్దులో యూనిఫాం వేసుకున్నవాళ్లే కాదు, రక్షణ శాఖలో పనిచేసి అరవై ఏళ్లకు రిటైరైన సివిల్ ఉద్యోగులు కూడా ఉంటారు. మొత్తం 34 లక్షలకు పైగా పింఛనుదారుల లెక్క అది. కోత గురించి మాట్లాడేవారు ఎవరి పింఛనో చెప్పి మాట్లాడాలి.

సందేహాల_సుబ్బి

మరి నాలుగేళ్లకే సైనికులను తీసుకునే అగ్నిపథ్ పథకం వల్ల ఈ పింఛన్ల భారం తగ్గుతుందన్నారు కదా, తగ్గలేదా?

మాధవరం_ఫౌజీ

ఇప్పుడే ఎలా తగ్గుతుందమ్మా? ఆ పథకం మొదలైంది 2022లో. నాలుగేళ్ల తరవాత నాలుగో వంతు మందినే ఉంచుకుంటారు. కానీ మామూలు పద్ధతిలో 2022లో చేరేవాళ్లు పింఛను తీసుకునేది పదిహేనేళ్లు దాటాకే. కాబట్టి ఆ మిగులు ఏదైనా ఉంటే 2037 తరవాతి బడ్జెట్లలో కనిపించాలి. ఇవాళ పింఛను తీసుకుంటున్నవాళ్లందరం పాత పద్ధతివాళ్లమే. నాలుగేళ్ల సైనికుడు సిగ్నల్ సెట్టు ఎప్పుడు నేర్చుకుంటాడు, ఎప్పుడు వాడతాడు అన్నది వేరే గొడవ, ఇక్కడ ఎత్తను.

పద్దుల_పరిశీలకుడు

ఫౌజీ గారూ, పింఛన్లు కోయాలని నేను అనను. మీరు చెప్పినది నా వాదనకే బలం. మొత్తాన్ని 3 శాతం చేసినంత మాత్రాన ఆయుధాలు వస్తాయన్న భరోసా లేదు. జీతాలు, పింఛన్ల పద్దు మొదట తన వాటా తీసుకుంటుంది. ఎనిమిదో వేతన సంఘం కూడా ఎదురుగానే ఉంది. అప్పు తెచ్చి మూలధన ఆస్తి కొంటే ఒక రకం, అప్పు తెచ్చి నెలవారీ ఖర్చు నడిపితే ఇంకో రకం.

విశాఖ_రేవు

యుద్ధనౌక కూడా ఆదాయం తెచ్చే ఆస్తి కాదు కదా పరిశీలకుడు గారూ. హైవే మీద టోల్ వస్తుంది, ఫ్రిగేట్ మీద రాదు. ఆ కొలమానంతో చూస్తే అప్పుతో సైన్యానికి ఏదీ కొనకూడదు. అలా కుదరదు.

కుదిరిన లాభం మాత్రం మా ఊళ్లో కనిపిస్తోంది. నష్టాలలో మూతపడుతుందనుకున్న హిందుస్థాన్ షిప్‌యార్డును 2010లో రక్షణ శాఖ కిందికి తెచ్చారు. 2023 ఆగస్టులో నౌకాదళానికి అయిదు సహాయక నౌకలు కట్టే సుమారు 19,000 కోట్ల కాంట్రాక్టు దానికి దక్కింది. వెల్డర్ల దగ్గర నుంచి గాజువాకలో భోజనం హోటళ్ల దాకా ఆ డబ్బు తిరుగుతుంది. మూలధన కొనుగోళ్లలో 75 శాతం దేశీయ పరిశ్రమకే కేటాయించారు, అది 1.11 లక్షల కోట్లు. అప్పు తెచ్చిన రూపాయి దేశంలోనే తిరిగి కొంత పన్నుగా వెనక్కి వస్తుందన్న సంగతి పంతులు గారి లెక్కలో లేదు.

చర్లపల్లి_లేత్

ఆ డబ్బు తిరిగే దారిలో చివరి మజిలీ మేమే కాబట్టి నేనూ మాట్లాడతాను. హైదరాబాదులో చిన్న సీఎన్‌సీ (కంప్యూటరుతో నడిచే యంత్రాల) మెషీనింగ్ షాపు మాది. క్షిపణుల సామగ్రికి వాడే అల్యూమినియం కేసింగులు, బ్రాకెట్లు చేస్తాం. ఒక కేసింగుకు లోపలి వ్యాసంలో ఇరవై మైక్రాన్ల తేడా వస్తే ఇన్‌స్పెక్షన్‌లో పక్కన పెట్టేస్తారు, ఆ దిమ్మె ఖరీదు మాదే. అందుకు నాకు అభ్యంతరం లేదు, క్షిపణి పని అలాగే ఉండాలి.

కష్టమంతా పైసల దగ్గరే. మేము సరఫరా చేసే పెద్ద సంస్థ పేరు చెప్పను. ఏడాదంతా అరకొర ఆర్డర్లు, జనవరి దాటగానే ‘మార్చి 31 లోపల డెలివరీ’ అని ఒత్తిడి. మూడు షిఫ్టులు నడిపి ఇస్తాం. బిల్లు మాత్రం ‘ఈ ఏడాది ఫండ్ అయిపోయింది, వచ్చే ఏడాది కేటాయింపులో చూద్దాం’ అనే మాటతో నిలిచిపోతుంది. ఆ మధ్యకాలంలో మెటీరియల్ తెచ్చినవాడికి నేను బ్యాంకు నుంచి సీసీ (క్యాష్ క్రెడిట్ అప్పు) తీసి కడతాను. ప్రభుత్వం 7 శాతానికి చేయవలసిన అప్పును నేను 11 శాతానికి నా పేరు మీద చేస్తున్నానన్నమాట. మీ 56.1 శాతంలో ఇది ఎక్కడా లెక్కకు రాదు.

సందేహాల_సుబ్బి

కేటాయించిన డబ్బు అయిపోతోందా, మిగిలిపోతోందా? ఏటా డబ్బు తిరిగి పంపుతారని ఒకచోట, సరిపోవడం లేదని ఇంకోచోట చదివాను.

లెక్కల_పంతులు

సుబ్బి గారూ, రెండూ నిజమే, వేర్వేరు ఏళ్లలో. 2018 మార్చిలో అప్పటి సైన్య ఉపాధిపతి లెఫ్టినెంట్ జనరల్ శరత్ చంద్ స్థాయీ సంఘం ముందు చెప్పినది చదవండి. ఆధునికీకరణకు ఇచ్చినది 21,338 కోట్లు. అప్పటికే కుదుర్చుకున్న కాంట్రాక్టులకు కట్టవలసిన వాయిదాలే 29,033 కోట్లు. అంటే కొత్తది ఒక్కటీ కొనకముందే ఖజానా ఖాళీ. సైన్యం దగ్గరున్న సామగ్రిలో 68 శాతం పాతకాలపుదేనని కూడా ఆయన అక్కడే చెప్పారు.

2024-25లో దీనికి తలకిందులుగా జరిగింది. మూలధన పద్దుకు 1.72 లక్షల కోట్లు ఇచ్చి, సవరించిన అంచనాల్లో దాన్ని 1.595 లక్షల కోట్లకు కుదించారు. చేతిలో డబ్బున్నా కాంట్రాక్టులు వేళకు తెమలకపోతే ఇలాగే అవుతుంది. మన దేశంలో తయారయ్యే యుద్ధవిమానం తేజస్ మార్క్ 1ఏ చూడండి: 83 విమానాలకు 2021 ఫిబ్రవరిలో ఒప్పందం చేసుకున్నాం, అమెరికా నుంచి రావలసిన 99 ఇంజన్లలో మొదటిది 2025 మార్చిలో వచ్చింది. 2025 సెప్టెంబరులో ఇంకో 97 విమానాలకు 62,370 కోట్లతో సంతకాలు చేశారు. ఇంజను రానిదే వాయిదా కట్టరు, వాయిదా కట్టనిదే పద్దు కదలదు.

చర్లపల్లి_లేత్

అందుకే నేననేది, ఏటా మార్చి 31న మురిగిపోని నిధి ఒకటి కావాలి. కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటా తేల్చే ఆర్థిక సంఘం, అందులో పదిహేనోది, అదే కదా సిఫారసు చేసింది? 2021 నుంచి 2026 వరకు 2.38 లక్షల కోట్లతో రక్షణ, అంతర్గత భద్రత ఆధునికీకరణ నిధి పెట్టమన్నారు. సూత్రప్రాయంగా సరేనన్నారు. అయిదేళ్లు గడుస్తున్నాయి, నిధి జాడ లేదు.

పద్దుల_పరిశీలకుడు

ఆ నిధి వెనుక ఉన్న తగాదా కూడా చెప్పాలి మరి. 2019 జులైలో ఆర్థిక సంఘం విచారణాంశాలను మార్చి రక్షణ నిధి సంగతి అందులో చేర్చినప్పుడు, రాష్ట్రాలకు పంచవలసిన దానిలోంచి ముందే కోసేస్తారేమోనని రాష్ట్రాలు భయపడ్డాయి. ఆ భయం ఊరికే రాలేదు. కేంద్రం మామూలు పన్ను పెంచి నూరు రూపాయలు వసూలు చేస్తే అందులో 41 రూపాయలు రాష్ట్రాలకు ఇవ్వాలి, అందుకని తన చేతికి నూరు మిగలాలంటే దాదాపు 170 వసూలు చేయాలి. అదే సెస్సో సర్‌ఛార్జో వేస్తే ఎవరికీ పైసా పంచనక్కరలేదు. రక్షణ పేరు మీద పన్ను వేస్తే అది తప్పకుండా సెస్సు రూపంలోనే వస్తుంది. 2021-26 పంపకంలో 4.047 శాతం వాటా ఉన్న ఆంధ్రప్రదేశ్‌కూ, 2.102 శాతం వాటా ఉన్న తెలంగాణకూ అందులో దక్కేది సున్న. అప్పుడు వాళ్లు తమ ఖర్చులకు మళ్లీ బాండ్లు అమ్ముకోవాలి. కేంద్రం అప్పు తగ్గించుకోవడానికి వేసిన సెస్సు రాష్ట్రాల అప్పును పెంచుతుంది, రెండూ కలిపిన 80 శాతం అక్కడే ఉంటుంది.

డాలస్_దొర

ఈ తంటా మనకొక్కరికే కాదు. నేనుండే అమెరికాలో 2024 ఆర్థిక సంవత్సరంలో నికర వడ్డీ చెల్లింపులు రక్షణ ఖర్చును దాటిపోయాయి. జర్మనీ 2025 మార్చిలో రాజ్యాంగాన్నే సవరించి, జీడీపీలో 1 శాతానికి మించిన రక్షణ ఖర్చును అప్పుల పరిమితి నుంచి తప్పించింది. నాటో దేశాలు అదే ఏడాది జూన్‌లో ద హేగ్‌లో కూర్చుని 2035కల్లా 5 శాతం అన్నాయి, అందులో నికరంగా సైన్యానికి 3.5. వాళ్లంతా పెంచుతుంటే మనం 1.9 దగ్గర ఆగడం ఎందుకు?

లెక్కల_పంతులు

జర్మనీ అప్పు జీడీపీలో 60 శాతానికి కాస్త పైన, అందుకే దానికి ఆ వెసులుబాటు ఉంది. మన కేంద్ర రాష్ట్రాల అప్పు 80 పైమాట, పన్నుల ఆదాయమేమో వాళ్ల దాంట్లో సగం నిష్పత్తి కూడా లేదు. నాకు జపాన్ ఉదాహరణ ఎక్కువ నచ్చుతుంది. 200 శాతానికి పైగా అప్పున్న దేశం, 2027కల్లా 2 శాతం పెడతామని 2022 డిసెంబరులో నిర్ణయించింది. దాంతోపాటే కార్పొరేట్ పన్ను, పొగాకు పన్ను, ఆదాయపు పన్ను పెంచుతామని కూడా చెప్పింది. ఆదాయపు పన్ను దగ్గర వెనకాడి వాయిదా వేస్తూ వచ్చారు, అయినా ఎవరు కట్టాలో కాగితం మీద పెట్టారు. మనవాళ్లు ఆ కాగితమే తీయడం లేదు.

వంకాయ_వాదన

పాకిస్తాన్‌ను కూడా చూద్దాం. ఐఎంఎఫ్ నుంచి 7 వందల కోట్ల డాలర్ల అప్పు నడుస్తుండగా, 2025 జూన్‌లో రక్షణ బడ్జెట్ 20 శాతం పెంచి 2.55 లక్షల కోట్ల వాళ్ల రూపాయలు చేశారు. వడ్డీలకు 8.2 లక్షల కోట్లు. ఆ దారి ఎటు పోతుందో ముందు వాళ్లని నడవనిద్దాం.

కంసాలి_మనవరాలు

‘కాగితం మీద పెట్టడం’ అని పంతులు గారు రాశారు కాబట్టి, మన దేశంలో ఒకసారి నిజంగా పెట్టినప్పుడు ఏం జరిగిందో చెప్తాను. 1962 యుద్ధం తరవాత రక్షణ ఖర్చు జీడీపీలో 2 శాతం దగ్గర నుంచి ఇంచుమించు 4 శాతానికి పోయింది. 1963 బడ్జెట్‌లో ఆర్థిక మంత్రి మొరార్జీ దేశాయ్ అదనపు లాభాల మీద పన్ను వేశారు, జనం చేత నిర్బంధ డిపాజిట్లు కట్టించారు. అంతకు ముందే, ఆ జనవరిలో, స్వర్ణ నియంత్రణ వచ్చింది: కొత్త నగ ఏదీ 14 క్యారెట్లకు మించి చేయకూడదు. దొంగ బంగారం దిగుమతి తగ్గితే విదేశీ మారకం మిగులుతుందని లెక్క.

మా తాతగారు ప్రొద్దుటూరులో కంసాలి. 14 క్యారెట్ల బంగారం ఆయన చేతికి లొంగలేదు. సన్నటి తీగ లాగబోతే తెగేది, పువ్వు కొట్టబోతే అంచు పగిలేది. కొనేవాళ్లూ రాలేదు, పెళ్లికూతురికి ఆ రంగు నగ ఎవరు పెడతారు? కుంపటి, ఊదుగొట్టం అటక మీదికి ఎక్కాయి. ఆయన ఇత్తడి బిందెలకు మాట్లు వేస్తూ సంసారం నడిపారని మా నాయన చెప్పేవారు. ఆ రోజుల్లో ఆత్మహత్యలు చేసుకున్న స్వర్ణకారులు ఉన్నారు. దేశం కోసం పన్ను అంటే అందరి మీదా సమానంగా పడుతుందని ఎవరూ అనుకోవద్దు. ఏ వృత్తి మీద పడుతుందో ముందే చూడాలి.

విశాఖ_రేవు

మీ తాతగారి కష్టం విన్నాక ఒక సంగతి మాత్రం ఒప్పుకోవాలి, ఈ కథ నా వాదనకే పనికొస్తుంది. 1962కు ముందు పదేళ్లు సైన్యం మీద నింపాదిగా ఖర్చు పెట్టి ఉంటే ఆ ఒక్క ఏడాదిలో అంత మోటుగా వసూలు చేయవలసి వచ్చేది కాదు. వాయిదా వేసిన ఖర్చు తరవాత రెట్టింపై వస్తుంది.

కంసాలి_మనవరాలు

రావచ్చు. రెట్టింపు ఎవరు కట్టారో కూడా చెప్పాను.

సందేహాల_సుబ్బి

బంగారం మాట వచ్చింది కాబట్టి: 1965లో నిజాం అయిదు టన్నుల బంగారం సైన్యానికి దానం చేశారు కదా? ఇవాళ అలాంటి కుబేరులు ముందుకొస్తే అప్పూ అక్కరలేదు, పన్నూ అక్కరలేదు.

పాతబస్తీ_పాఠకుడు

ఏటా ఆగస్టు రాగానే వాట్సాప్‌లో తిరిగే కథ అది. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చినది అయిదు టన్నులు కాదు, 425 కిలోలు. దానం కూడా కాదు, ఏడాదికి 6.5 శాతం వడ్డీ వచ్చే జాతీయ రక్షణ స్వర్ణ బాండ్లలో పెట్టుబడి. ఆ బాండ్ల గడువు 1980. ఆయనను చిన్నబుచ్చడానికి చెప్పడం లేదు, అప్పుడే యుద్ధం చేసి వచ్చిన ప్రభుత్వాన్ని నమ్మి అంత బంగారం చేతిలో పెట్టడం చిన్న విషయమేమీ కాదు. ఈ చర్చకు అక్కరకొచ్చే సంగతేమిటంటే, మన జనం దానంగా గుర్తు పెట్టుకున్నది నిజానికి ప్రభుత్వ రుణం, అసలూ వడ్డీ రెండూ తిరిగి చెల్లించవలసినదే.

వంకాయ_వాదన

6.5 శాతమా! ఇవాళ పదేళ్ల ప్రభుత్వ బాండు మీద వచ్చేదీ అటూ ఇటూగా అంతే. నిజాం గారు బేరం బాగానే చేశారు.

పద్దుల_పరిశీలకుడు

1965 తరవాత సంగతి కూడా చూడండి. విదేశీ సాయం ఆగింది, కరువు వచ్చింది, 1966 జూన్‌లో డాలరు 4.76 రూపాయల నుంచి 7.50కి పోయింది. 1980ల రెండో సగంలో మళ్లీ రక్షణ ఖర్చు జీడీపీలో మూడున్నర శాతం దాటింది, బోఫోర్స్ ఫిరంగుల ఒప్పందం 1986లో. 1990-91లో గల్ఫ్ సంక్షోభంతో చమురు ధర పెరిగేసరికి ఖజానాలో విదేశీ మారకం అడుగంటింది, దాదాపు 47 టన్నుల బంగారం విమానాల్లో పంపి తాకట్టు పెట్టాం. ఒక్క ఆయుధాలే దానికి కారణమని నేను చెప్పడం లేదు, ఎరువుల సబ్సిడీ ఉంది, పాత వడ్డీలున్నాయి. కానీ పి.వి. నరసింహారావు ప్రభుత్వం చేతిలో పడ్డాక మొదట బిగించిన పద్దుల్లో రక్షణ ఒకటి. అప్పుతో కట్టిన సైన్యానికి అప్పులవాడు తలుపు తట్టిన రోజునే కోత పడింది. విశాఖ గారు కార్గిల్ నాటి లోటు గుర్తు చేశారు. ఆ లోటుకు పునాది ఈ 1991 కోతల్లో ఉంది.

డాలస్_దొర

1991 విదేశీ అప్పు సంక్షోభం. ఇవాళ కేంద్రం అప్పులో అత్యధిక భాగం రూపాయల్లో, మన బ్యాంకులు, ఎల్ఐసీ, భవిష్య నిధుల దగ్గర ఉంది. ఆ పోలిక చెల్లదు.

లెక్కల_పంతులు

అప్పు రూపాయల్లో ఉంది, నిజమే. రఫేల్ మెరైన్ విమానాలు ఇరవయ్యారింటికి 2025 ఏప్రిల్‌లో ఒప్పుకున్న సుమారు 63,000 కోట్లు, తేజస్ ఇంజన్ల సొమ్ము రూపాయల్లో కట్టరు కదా. రూపాయి పడిపోయిన ప్రతిసారీ అదే కేటాయింపుకు తక్కువ సామగ్రి వస్తుంది. పైగా ఎల్ఐసీ, బ్యాంకులు ప్రభుత్వ బాండ్లు కొన్నంత మేరకు చర్లపల్లి గారి లాంటివారికి ఇచ్చే అప్పు తగ్గుతుంది, వడ్డీ పెరుగుతుంది. దివాలా తీయకపోవచ్చు, కానీ ఉచితమూ కాదు.

చర్లపల్లి_లేత్

నా సీసీ వడ్డీ సంగతి పార్లమెంటులో ఎత్తితే మీకు చాయ్, ఉస్మానియా బిస్కట్ నా ఖర్చు.

మాధవరం_ఫౌజీ

పరిశీలకుడు గారు మొదట అడిగిన ప్రశ్నకు నా జవాబు: పన్ను వేయాలి, దాన్ని సెస్సుగా కాక మామూలు పన్నుగానే వేసి రాష్ట్రాల వాటా రాష్ట్రాలకు ఇవ్వాలి. వచ్చినదాన్ని జీతాల పద్దులో కలవకుండా, లేత్ గారు చెప్పిన నిధిలో వేయాలి. 3 శాతం వద్దు, మూలధన పద్దు ఒక్కటే జీడీపీలో 2025-26 నాటి అర శాతం నుంచి ముప్పావు శాతానికి వస్తే చాలు. నా పింఛను మీద కూడా ఆ పన్ను పడనివ్వండి, కడతాను.

పద్దుల_పరిశీలకుడు

పావు శాతమంటే 2025-26 లెక్కలో దాదాపు 90 వేల కోట్లు. 41 శాతం పంచాలంటే లక్షన్నర కోట్లు వసూలు చేయాలి. 2025 బడ్జెట్‌లో పన్నెండు లక్షల దాకా ఆదాయపు పన్ను తీసేసి, అదే ఏడాది సెప్టెంబరులో జీఎస్టీ రేట్లు తగ్గించిన ప్రభుత్వం చేత ఇది చేయించడం కష్టం. అయినా ఇంతసేపటికి అంకె, దారి రెండూ చెప్పిన మొదటివారు మీరే.

విశాఖ_రేవు

ముప్పావు శాతంతో 29 స్క్వాడ్రన్లు 42 కావు. ఏటా 0.1 శాతం చొప్పున పెంచాలన్న మాట మీదే నేనున్నాను. ఆదాయం పెరగలేదనుకోండి, లోటు లక్ష్యాన్ని రెండేళ్లు వెనక్కి జరపండి, కోవిడ్‌లో జరిపినట్టు.

సందేహాల_సుబ్బి

ఫిబ్రవరి 1న కొత్త బడ్జెట్ వచ్చినప్పుడు ఇదంతా నేనే చూసుకోవాలంటే ఎక్కడ చూడాలి?

లెక్కల_పంతులు

ఖర్చుల బడ్జెట్‌లో రక్షణ శాఖ డిమాండ్లు నాలుగుంటాయి, 2025-26వి 19 నుంచి 22 దాకా: సివిల్, రెవెన్యూ, మూలధనం, పింఛన్లు. మూలధనం డిమాండు తీసి బడ్జెట్ అంచనాను పక్కనే ఉండే నిరుటి సవరించిన అంచనాతో పోల్చండి. టీవీలో చెప్పే పెంపు శాతం అంచనా నుంచి అంచనాకు కట్టినది, అది చూడకండి. తరవాత అదే రోజు వచ్చే ఎఫ్ఆర్‌బీఎం (లోటు, అప్పుల అదుపు చట్టం) ప్రకటనలో అప్పు నిష్పత్తి నిరుటి కంటే ఎంత దిగిందో చూడండి. అర శాతం కంటే తక్కువ దిగి, మూలధనం మాత్రం బాగా పెరిగి ఉంటే, విశాఖ గారి దారిలో నడుస్తున్నామని అర్థం.

వంకాయ_వాదన

అప్పూ మూలధనమూ పెరగకుండా, పింఛన్లూ పెరగకుండా ఉంటే?

లెక్కల_పంతులు

అప్పుడు జీతాలుండే రెవెన్యూ డిమాండు తెరిచి, వేతన సంఘానికి ఎంత అట్టిపెట్టారో చూడండి.